వెనుకకు నెట్టు నాయుధములు



నేటి ప్రసంగ విషయమును వినినంతనే మీలో పలువురు కనుబొమలు ముడివైచుకొందురని నేనెఱుగుదును. గురువుగారి యరుగుమీద పంచకావ్యములు చదువుకొని, ముప్పది యైదేండ్లు బడిపంతులుగా కాలము గడపిన వృద్ధుడొకడు కుఱ్ఱవాండ్ర కంప్యూటరాటలను గూర్చి, అందులోను ఆ యాటలలోని యాయుధములను గూర్చి మాటలాడుటయా యని మీకు శంక కలుగవచ్చును. శాస్త్రచర్చలో మన పెద్దలు పాటించిన నియమ మొకటి కలదు. ఖండింపదలచిన పక్షమును మొదట ఆ పక్షమువాడే ఔనను నట్లు చెప్పవలెను; ఖండనము పిమ్మటి మాట. పూర్వపక్షము తెలియక చేయు ఖండనము గాలిలో కత్తి విసరుట వంటిది. మన యిండ్లలో పిల్లలు చెవులకు దొప్పలు తగిలించుకొని తెర ముందు గూర్చుండి "నెట్టు! నెట్టు! మూలకు నెట్టు!" అని కేకలు వేయుచున్నారు. చంపు నాయుధము చేతనుండగా నెట్టు నాయుధ మెందులకో, నెట్టుటలో నంత యాలోచింపవలసిన దేమున్నదో తెలిసికొన్న పిమ్మట ఆ యాటను మెచ్చుటయో తిట్టుటయో మన యిష్టము.

చదరంగమున నిరువురు ఎదురెదురుగా గూర్చుందురు. ఆన్‌లైను ఆటలో నట్లు కాదు. ఒకడు మన గ్రామమున, ఇంకొకడు హైదరాబాదున, మఱియొకడు సింగపూరున నుండవచ్చును. నడుమ సర్వరను పేరుగల కంప్యూటరొకటి యుండి, అందఱి చేతలను గ్రహించి, ఎవ రెక్కడ నున్నారో, ఎవని దెబ్బ యెవనికి తగిలినదో నిర్ణయించి, ఆ వార్త నందఱకును పంపుచుండును. చదరంగమున గడియసే పాలోచింపవచ్చును గాని యిచ్చట ఱెప్పపాటులో చేయి కదలవలెను. అందువలన దీనిని ఆక్షను ఆట యందురు.

ఇట్టి యాటలలో తఱచుగా వచ్చు చిక్కేమనగా, మనవారు నలుగురు, ఎదుటివారు నలువదిమంది. ఒక్కొక్కరిని కొట్టుచు గూర్చున్నచో తక్కినవారు చుట్టుముట్టుదురు. కావున గుంపును కట్టడి చేయు నుపాయము కావలెను. దానినే వారు క్రౌడ్ కంట్రోలని పిలుచుచున్నారు. 1999 మార్చిలో ప్రారంభమైన ఎవర్‌క్వెస్టను ఆటలో మంత్రగాడొకడు గలడు. ఆరుగురు రాక్షసులు మీదికి వచ్చినచో, ఐదుగురను మంత్రముతో నిద్రపుచ్చి, ఒక్కనిని మాత్రము తన జట్టువారికి విడిచిపెట్టుట వాని పని. విరాటపర్వమున ఉత్తరగోగ్రహణ వేళ అర్జునుడు కౌరవసేనపై సమ్మోహనాస్త్రమును ప్రయోగించిన ఘట్టము మీకందఱకును తెలిసినదే. ఈ మంత్రగాని విద్యయు ఆ జాతిలోనిదే.

నిద్రపుచ్చుట యొక మార్గము. నెట్టివేయుట మఱియొక మార్గము. దీనికి నాక్‌బ్యాకని పేరు. దెబ్బ తగిలినవాడు గాయపడునో లేదో ముఖ్యము గాదు. ఉన్నచోటు నుండి వెనుకకు పోవలెను. దీనికిని మనకు దృష్టాంతము గలదు. విశ్వామిత్రుని యాగరక్షణ వేళ శ్రీరాముడు సుబాహుని ఆగ్నేయాస్త్రముతో సంహరించెను గాని మారీచుని సంహరింపలేదు. వాల్మీకి చెప్పిన ప్రకారము మానవాస్త్రము మారీచుని ప్రాణము తీయక, మూర్ఛిల్లజేసి, నూఱు యోజనములు కొనిపోయి సముద్రమున పడవైచెను. ఒకే పోరులో నొకనికి చంపు బాణము, ఇంకొకనికి నెట్టు బాణము. పురాణమును ఆటతో పోల్చుచున్నానని యెవరైన నొచ్చుకొన్నచో, వారు మన చేలవైపు చూడవచ్చును. జొన్నచేను పాలకంకి మీదనున్నప్పుడు మంచె యెక్కి వడిసెల త్రిప్పినవారు నేటి శ్రోతలలో తప్పక యుందురు. వడిసెల రాయితో ఒక పిట్టను చంపినంత మాత్రమున చేను దక్కునా? మంద యంతయు లేచిపోవలెను. ఎన్ని పిట్టలు చచ్చినవని యెవరు నడుగరు; ఎన్ని కంకులు మిగిలినవని యడుగుదురు. నెట్టు నాయుధమును తూచుటకు ఈ తరాజే సరియైనది.

ఇక నొక యాటను తీసికొని చూతము. అమెరికా దేశమున వాల్వను సంస్థవారు 2008 నవంబరులో లెఫ్ట్ ఫోర్ డెడ్ అను నాటను, మఱుసటి యేట నవంబరులోనే దాని రెండవ భాగమును వెలువరించిరి. ఒక మహమ్మారి వలన జనులు మతి తప్పి, కనబడిన వారిపై బడి కఱచుచుందురు. దాని బారి బడని నలుగురు మాత్రము ఊళ్లు దాటి క్షేమముగా బయటపడవలెను. ఈ నలుగురి చేతను తుపాకు లుండును. కాని తుపాకిలో గుండ్లు అయిపోవును. మరల నింపుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ క్షణములలోనే గుంపు మీద పడును. అప్పుడు మౌసునకు కుడివైపు మీట నొక్కినచో, చేతిలోని తుపాకితోనే యెదుటివారిని త్రోయవచ్చును. ముందున్నవారు తూలి వెనుకకు పోవుదురు. ఆ తూలిన సందులో గుండ్లు నింపుకొనవలెను.

ఇంతమాత్రమే యైనచో నేనింత దూరము చెప్పి యుండను. ఆ గుంపులో బూమరను స్థూలకాయు డొకడుండును. వాని యుదరము నిండ పైత్యరసము. వానిని దగ్గఱనుండి కాల్చినచో వాడు పగిలి ఆ రసము మన మీద చిమ్మును. కన్నులు కనబడవు, ఆ వాసనకు గుంపులు గుంపులుగా వచ్చి పడుదురు. అనగా శత్రువును చంపుటయే మన చేటునకు కారణమగును. తెలిసినవాడు వానిని చూడగనే కాల్చడు. మొదట రెండు మాఱులు త్రోసి, తగినంత దూరమునకు పంపి, పిమ్మట కాల్చును. తెలియనివాడు గుఱి తప్పక కాల్చి, తానును తన జట్టును ముంచును. గుఱి బాగుగా నుండుటయే వీరత్వమని తలచు కుఱ్ఱవాండ్రకు ఇది మొదటి పాఠము. బడిలో నేను చెప్పిన పాఠములకన్న దీనిని వారు త్వరగా గ్రహించుచున్నారని యొప్పుకొనక తప్పదు. తప్పు చేసినవాని ముఖముమీద ఫలము వెంటనే చిమ్ముచున్నది గదా!

అదే యాటలో హంటరను వాడొకడు దూరమునుండి దుమికి మనవానిని నేలబెట్టి చీల్చును. క్రింద బడినవాడు తనంత తాను లేవలేడు. తోడివాడు వచ్చి త్రోసినచో హంటరు తొలగును. ఈ త్రోపునకు గుండు ఖర్చు లేదు. గుఱి యంతగా నక్కఱలేదు. కావలసినది దగ్గఱ నుండుట యొక్కటే. అందఱికన్న ముందు పరుగెత్తిపోవు శూరునికి ఆపద వచ్చినప్పుడు త్రోయువా డుండడు. మఱియు ఈ త్రోపు నదేపనిగా సాగించుటకును వీలులేదు. మీట మీద మీటగా నొక్కుచు బోయినచో చేయి యలసినట్లు త్రోపు నెమ్మదించును. అందుచేత నేర్పరులు గోడమూలను వీపునకు బెట్టుకొని నిలుతురు. వెనుకనుండి యెవ్వరును రారు. ముందునుండి వచ్చువారిని ఒకడు త్రోయుచుండగా తక్కినవారు కాల్చుచుందురు. కొంతసేపటికి త్రోయువాడు వెనుకకు తగ్గి ఇంకొకడు ముందునకు వచ్చును. కపిల తోలునప్పుడు మనుష్యులు మారుకొనుట చూచినవారికి ఇది క్రొత్తగా తోచదు.

వాల్వువారిదే టీమ్ ఫోర్ట్రెస్ టూ అను నాట 2007 అక్టోబరులో వచ్చినది. ఎఱ్ఱ జట్టు, నీలి జట్టు పోరాడుకొనును. ఇందులో పైరో యనువాడు మంటలు చిమ్ము గొట్టమును ధరించును. 2008 జూనులో ఆ గొట్టమునకు గాలి నూదు శక్తిని క్రొత్తగా చేర్చిరి. కమ్మరి కొలిమితిత్తిని ఒక్క పెట్టున నొక్కినట్లు బిగబట్టిన గాలి బుస్సున వెడలి యెదుటివానిని వెనుకకు విసరును. మామూలు గొట్టమున నింధనము 200 పాళ్లు. ఒక్క ఊదునకు 20 పాళ్లు ఖర్చు. అనగా పది ఊదులతో గొట్టము ఖాళీ. పిమ్మట మంట చిమ్ముటకును ఏమియు మిగులదు. ఈ గాలి మనుష్యులనేకాక వచ్చుచున్న రాకెట్టును సైతము వెనుకకు మరల్చును. ప్రయోగించినవానినే పోయి కొట్టును. తనవాని యొంటికి మంట యంటుకొన్నచో దాని నార్పును.

నాకు మిక్కిలి నచ్చిన ప్రయోగ మొకటి చెప్పెదను. ఆ యాటలో వైద్యుడొకడు గలడు. వాడు చాలసేపు తనవారికి చికిత్స చేసి శక్తిని కూడబెట్టి, తుదకు తనకును తన మిత్రుని కొకనికిని ఎనిమిది సెకనుల పాటు ఏ దెబ్బయు తగులని వర మియ్యగలడు. ఆ యెనిమిది సెకనులలో గుండ్లు, నిప్పు, కత్తి, ఏదియు పనిచేయదు. వరగర్వితులైన యిరువురు కోటలోనికి చొచ్చుకొని వచ్చుచుందురు. ఏమి చేయవలెను? పైరో వారిని చంపజూడడు. గాలి నూది వెనుకకు నెట్టును. మరల వత్తురు, మరల నెట్టును. వైద్యు నొకవైపునకు, వాని మిత్రు నింకొకవైపునకు విడదీయును. వారికి గాయము లేదు, కాని కాలము కరగిపోయినది. ఎనిమిది సెకనులు ముగిసినంతనే వారు మామూలు మనుష్యులు. వరము పొందినవానికి వరములో లేని త్రోవ వెదకవలెనను మన పురాణముల యుక్తి యిదియే. ఎవడో ఇంజనీరు దీనిని పురాణము చదివియే కల్పించెనని నేనననుగాని, యుక్తి మాత్ర మదియే.

నెట్టుటకు బలముకన్న స్థలము ముఖ్యము. 2016 మే నెలలో బ్లిజార్డువారు వెలువరించిన ఓవర్‌వాచ్ ఆటలో గ్రీసు దేశపు ద్వీపమువలె కల్పించిన ఇలియోసను రంగ మున్నది. అందొక భాగమున పోరాటస్థలపు నట్టనడుమ లోతైన బావి. జట్టు గెలువవలెనన్న ఆ బావి చుట్టును నిలువవలెను. లూసియో యను బ్రెజిలు దేశపు సంగీతకారుడు తన శబ్దాయుధముతో ఎదుటివారిని నెట్టును. బయలులో నెట్టినచో నాలుగడుగులు పోయి మరల వత్తురు. బావిగట్టున నదే త్రోపు ప్రాణాంతకము. త్రోపు మారలేదు, నిలిచిన చోటు మారినది. అందుచే ఆ రంగమున తెలిసినవాడు తన వీపునకు గోడ యుండునట్లును, ఎదుటివాని వీపునకు బావి యుండునట్లును నిలుచుటకే సగము శ్రమ పడును.

ఇంతవఱకు గుణములు. దోషములను చెప్పకున్నచో పాండిత్యము కాదు, ప్రచారమగును.

మొదటి దోషము వడిసెలలోనే యున్నది. మన చేనినుండి లేపిన మంద పొరుగువాని చేనిలో వ్రాలును. 2004 ఏప్రిలులో సిటీ ఆఫ్ హీరోస్ అను నాట ప్రారంభమైనది. అందు టాంకరను దృఢకాయుడు శత్రువులనందఱ నొకచోట కూడదీసి తన మీదికి త్రిప్పుకొనును. అట్లు కూడినవారిమీద తక్కినవారు ఒకే దెబ్బకు పదిమందికి తగులు శక్తులను ప్రయోగింతురు. ఇంతలో శక్తిబాణములు విసరువా డొకడు ఉత్సాహముతో ముందునకు వచ్చి ఒక్క పెట్టున విసరును. గుంపు నలుదెసలకు చెల్లాచెదరు! కూడదీసినవాని శ్రమ వ్యర్థము. పదిమందికి తగులవలసిన దెబ్బ ఇద్దఱికి తగులును. తక్కినవారు వెనుకనున్న దుర్బలులమీద పడుదురు. విసరినవాడు మాత్రము తన బాణపు బలమును చూచి మురిసికొనును. ఈ కారణమున ఆ యాటలో నాక్‌బ్యాక్ గలవానిని జట్టున చేర్చుకొనుటకే కొందఱు వెనుదీయుచుండిరి. దిడ్డిలోనికి తోలిన గొఱ్ఱెలను కుక్క మొఱిగి చెదరగొట్టినచో కాపరి కెట్లుండును?

దీనికి మందును ఆటగాండ్రే కనుగొనిరి. గుంపునకు ఆవలివైపు పోయి, గోడవైపునకు నెట్టుట. లేదా గాలిలో పైకి లేచి క్రిందికి కొట్టుట. పైనుండి క్రిందికి నెట్టబడినవాడు నేలకే యదుముకొనును గాని దూరము పోడు. తరువాతి కాలమున, దూరముగా విసరుటకు బదులు ఉన్నచోటనే పడవేయునట్లు త్రోపును మార్చు సాధనములును వచ్చినవి. ఆ యాటను 2012 నవంబరులో మూసివేసిరి. ఐనను దానిని ప్రేమించినవారు విడువక తామే దానిని మరల నడపిరి; 2024 జనవరిలో యజమానులైన ఎన్‌సీసాఫ్ట్ సంస్థవారు ఒక బృందమునకు అనుమతి నొసగిరి. ఇరువదేండ్లు గడచినను ఆ యాటవా రొకచోట చేరినచో నాక్‌బ్యాక్ మేలా కీడా యను వాదము నేటికిని వినవచ్చును. ద్వైతాద్వైత వాదములు మనకు క్రొత్తవా!

రెండవ దోషము మారీచునిది. నెట్టబడినవాడు తిరిగి వచ్చును. సముద్రమున పడిన మారీచుడు చావలేదు. ఏండ్లు గడచిన పిమ్మట బంగారులేడియై పర్ణశాల ముందునకు వచ్చెను. ఆ తరువాతి కథ మీకెఱుకయే. నెట్టుటవలన కలుగునది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో గుండ్లు నింపుకొనక, పడినవానిని లేపక, చోటు మారక, మరల నెట్టుటకే సిద్ధపడువాడు తన యిరువది పాళ్ల యింధనమును వృథా చేసినవాడగును.

మూడవది దూరము. ఇది మన తెలుగుకుటుంబములకు నేడు తగిలెడి విషయము. మా పెద్దమ్మాయి కుమారుడు అమెరికాలో నున్నాడు. చిన్నమ్మాయి కుమారుడు తెనాలిలో నున్నాడు. ఆదివారములు వీరిరువురును ఒకే జట్టున నాడుచుందురు. పెద్దవాడు చిన్నవానిమీది గుంపును నెట్టబోవును గాని, ఒక్కొక్కప్పుడు త్రోపు తగులదు. కారణ మడిగితిని. వార్త సముద్రముల క్రింది తీగెలగుండ భారతదేశమునుండి అమెరికాకు పోయి వచ్చుటకు సెకనులో నైదవవంతునకు మించి పట్టును. మనకది లెక్కలోనిది కాదు. కాని వాని తెరమీద శత్రువు బావిగట్టున నుండగా, సర్వరు లెక్కలో వాడప్పటికే గట్టు దాటి యుండును. సర్వరు అమెరికాలో నున్నచో చిన్నవానికి నష్టము. సింగపూరున నున్నచో పెద్దవానికి నష్టము. ఈ నష్టము నెవరు భరింపవలెనని వారిలో నొక తగవు వచ్చి, మూడు వారములు మాటలు లేవు. తుదకు పెద్దవాడు, తన త్రోపు ఆలస్యమైనను పరవాలేదు, తమ్మునికి దగ్గఱనున్న సర్వరులోనే యాడుదమని చెప్పి పంపెను. పెండ్లిండ్లకు తప్ప ఒకరినొకరు చూడని పిల్లలు వీరు. వీరి చుట్టఱికము నిలిచినదీ, తెగబోయినదీ ఈ సెకనులో నైదవవంతుమీద.

ఇక పెద్దలతో రెండు మాటలు. ఈ యాటలను, డబ్బొడ్డి యాడు ఆన్‌లైను పేకాటలను ఒకే గాట కట్టరాదు. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను అట్టి పందెపుటాటలను నిషేధించిరి. 2025లో భారత పార్లమెంటు చేసిన చట్టమును పందెపుటాటలను, పోటీగా నాడు ఈ-స్పోర్ట్సును వేఱువేఱుగానే చూచినది. ఐనను పూర్తిగా నిశ్చింత వలదు. టీమ్ ఫోర్ట్రెస్ టూ వంటి యాటలలో మూతపెట్టె లుండును. తెఱచుటకు తాళపుచెవి కొనవలెను. లోన నేమున్నదో తెఱచినగాని తెలియదు. టోపీ వచ్చినను రావచ్చును, పనికిరానిది వచ్చినను రావచ్చును. ఇది నాకు జూదపు వాసనగానే తోచుచున్నది. తాళపుచెవు లెన్ని కొన్నావని పిల్లవాని నడుగుటకు మొగమాటము పనిలేదు. వయసు పదునెనిమిది దాటని పిల్లలు కత్తిపోట్లు, నెత్తురు గల లెఫ్ట్ ఫోర్ డెడ్ వంటి వాటిని ఆడకుండుటయే మంచిదని నా యభిప్రాయము. వాటిపై నట్లే ముద్రించి యుందురు.

రెండవమాట భోజనవేళను గూర్చి. అన్నము వడ్డించి పిలిచినప్పుడు పిల్లవాడు "రెండు నిమిషములు" అనును. మనకు కోపము వచ్చి తీగె పెఱికివేయుదుము. అప్పుడు జరుగునది యేమనగా, నలుగురిలో నొకడు మాయమగును. గోడమూలన త్రోయువాడు లేడు. వైద్యునికి కాపు లేడు. ఎక్కడివారో ముగ్గురు పిల్లలు వీనిని నమ్మి నిలిచినవారు ఓడిపోవుదురు. వీడు మాట తప్పినవా డగును. దీనికి మా యింటిలో నొక యేర్పాటు చేసితిమి. ఆట మొదలుపెట్టుటకు ముందే ఎన్ని గంటలకు వడ్డింతుమో చెప్పుదుము, ఆ వేళకు ముగియునో లేదో వాడు లెక్కచూచుకొనవలెను, ముగియదనిన మొదలుపెట్టరాదు. నడుమ పిలుచుట మాకు లేదు. ఆలస్యము చేయుట వానికి లేదు. నెలలో నొకటి రెండు మాఱులు పప్పు చల్లారును. అంతమాత్రము సహింపవచ్చును.

నాకిచ్చిన వేళ ముగియవచ్చినది. మీ మనుమడు మరల "నెట్టు" అని కేక వేసినప్పుడు, ఏ వైపునకు నెట్టినావు, నెట్టిన పిమ్మట నేమి చేసితివి అని యడిగి చూడుడు. వాడు మొదట ఆశ్చర్యపడును. పిమ్మట కుర్చీ జరిపి చోటిచ్చును. మా తెనాలివాడు నిన్న సాయంకాలము ఇలియోసు బావియొద్ద ముగ్గురను వరుసగా పడద్రోసి, నాలుగవవానికొఱకు ముందునకు పోయి, తానే బావిలో పడినాడు.